నాన్న లెక్కా తప్పు కాదు, మీ లెక్కా తప్పు కాదు... అసలు గొడవ బోరు దగ్గర ఉంది

ఈ ఉత్తరం రాసినామె సొంతూరు జగిత్యాల జిల్లాలో ఒక పల్లె. హైదరాబాద్‌లో ఉద్యోగం, వయసు 29, పేరు వద్దన్నారు. ఉత్తరం పెద్దది కాబట్టి కుదించి చెబుతున్నా.

ఇంట్లో ఐదెకరాల వరి, రెండు బోర్లు, ఎకరం మామిడి తోట. నాలుగేళ్లు దుబాయిలో చేసి తమ్ముడు ఇంటికి తిరిగొచ్చాడు. మళ్లీ పోనంటున్నాడు. పక్కనే ఎనిమిదెకరాలు కౌలుకు తీసుకుని, కొత్త బోరు వేయించి, ఏడాదికి రెండు పంటలూ వరే పెడతానంటున్నాడు. అందుకు ఆరు లక్షలు కావాలి. బ్యాంకు వాళ్లు ఈమె జీతం చూసి పర్సనల్ లోను ఇస్తామన్నారు, ఐదేళ్లు, నెలకు దాదాపు 13,650 కిస్తీ. ఈమె వద్దంది. ఎండలు ముదురుతున్నాయి, 2050 కల్లా వరి దిగుబడి 20 శాతం పడిపోతుందని ప్రభుత్వమే చెప్పింది, ఇప్పుడు అప్పు చేసి వరిలోకి దిగడం ఏంటని ఫోన్లో వాదించింది. దానికి నాన్న అన్న మాటలు ఈమె యథాతథంగా రాసింది: "నువ్వు ఏసీల కూసోని నాకు చెప్తవా? నీ చిన్నప్పుడు ఎకరానికి పదహారు, పద్దెనిమిది కింటాళ్లు వస్తుండె. ఇప్పుడు ఇరవై ఆరు వస్తున్నయ్. ఎండలు ఎక్కువైతే పంట తగ్గాలె గదా, మరెందుకు పెరిగింది? అదీ గాక ఎండాకాలం పంటకే ఎక్కువొస్తయ్." దానికి ఈమె దగ్గర జవాబు లేకపోయింది. ఉగాది నుంచి నాన్న ఫోన్ ఎత్తడం లేదు, తమ్ముడు మెసేజ్ చూసి వదిలేస్తున్నాడు, అమ్మ మధ్యలో నలిగిపోతోంది. "నాన్న చెప్పింది నిజమే కదా, మరి నేను చదివిందంతా అబద్ధమా? లోను తీసుకోవాలా వద్దా?" అన్నది ప్రశ్న.

ముందు మీ నాన్నగారికి ఇవ్వాల్సిన మార్కులు ఇచ్చేద్దాం. ఆయన చెప్పిన అంకెలు నిజం. ఆయన పొలంలోనే కాదు, దేశమంతా అదే కథ. 1950-51లో మన దేశంలో హెక్టారుకు సగటున 668 కిలోల బియ్యం వచ్చేవి, ఇప్పుడు 2,800 కిలోలు దాటింది. ఈ డెబ్భై ఐదేళ్లలో భూమి వేడెక్కిందన్నది కూడా అంతే నిజం. రెండూ నిజమైతే ఒకదాన్నొకటి కొట్టేసుకోవాలిగా అని మీకు అనిపించింది. అక్కడే మీరు తడబడ్డారు, నాన్నగారు గెలిచారు.

కొట్టేసుకోవు. మీ పే స్లిప్ తీసి చూడండి. నాలుగేళ్లుగా జీతం పెరుగుతోంది, దాంతోపాటే కోతలూ పెరుగుతున్నాయి, అయినా చేతికొచ్చేది నిరుటి కంటే ఎక్కువే ఉంటోంది. చేతికొచ్చింది పెరిగింది కాబట్టి కోతే లేదని ఎవరైనా అంటే మీరు ఒప్పుకుంటారా? మీ నాన్నగారు చివరి గీత కింద ఉన్న మొత్తాన్ని చూస్తున్నారు, మీరు కోత కాలమ్ చదివి వినిపిస్తున్నారు. కాయితం ఒకటే.

పెంచింది ఏంటో మీ నాన్నగారికి మీకంటే బాగా తెలుసు. తెల్ల హంస, ఎర్ర మల్లెలు లాంటి పాత వరి రకాలు వేసిన చేతులతోనే ఆయన ఇప్పుడు కూనారం సన్నాలో, మీ పక్కనే పొలాస వ్యవసాయ పరిశోధన కేంద్రంలో తయారైన జగిత్యాల రకాలో వేస్తున్నారు. యూరియా సంగతి చెప్పనక్కర్లేదు. కలుపు మందులొచ్చాయి, కోత మిషన్లొచ్చాయి. అన్నిటికంటే ముఖ్యం నీళ్లు: 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు, చెరువుల్లో పూడికతీత, కాలువ నీళ్లు. ఇవన్నీ కలిసి దిగుబడిని పైకి లాగాయి. ఆ లాగుడుకి ఎదురుగా వేడి కొంచెం కొంచెం కిందికి లాగుతూ వచ్చింది. కాబట్టి పోల్చాల్సింది మీ చిన్నప్పటి పంటతో కాదు, ఇవే విత్తనాలూ ఇవే నీళ్లూ ఉండి వేడి పెరగకపోతే ఎంత పండేదో దాంతో. ఆ పంట ఎవరి కళ్లంలోనూ కుప్పగా కనబడదు. అందుకే రైతుకి దాన్ని చూపించి ఒప్పించడం కష్టం, లెక్కగట్టే చూడాలి.

లెక్కగట్టినవాళ్లు ఉన్నారు. 1980 నుంచి 2008 దాకా ప్రపంచ పంటల్ని పరిశీలించి 2011లో సైన్స్ పత్రికలో వేసిన అధ్యయనం, వాతావరణం మారకపోయి ఉంటే పండేదానికంటే మొక్కజొన్న 3.8 శాతం, గోధుమ 5.5 శాతం తక్కువ పండాయని చెప్పింది. ఆ కాలమంతా రెండు పంటల దిగుబడులూ పెరుగుతూనే ఉన్నాయి, గమనించండి. 2021లో వచ్చిన ఇంకో అధ్యయనం 1961 నుంచి ప్రపంచ వ్యవసాయ ఉత్పాదకతలో 21 శాతం వాతావరణ మార్పు తినేసిందని, అంటే దాదాపు ఏడేళ్ల ఎదుగుదల పోయినట్టని లెక్కేసింది. మీకు నచ్చని సంగతి కూడా చెప్పాలి. ఆ 2011 అధ్యయనంలోనే వరి విషయంలో లాభపడ్డ దేశాలు, నష్టపోయిన దేశాలు ఇంచుమించు సరిపోయాయి. అంటే 2008 దాకా వరికి తగిలిన దెబ్బ గోధుమకి తగిలినంత లేదు.

ఇక ఆ 20 శాతం. ఇది మీరు నాన్నగారి మీదకు విసిరారు గానీ ఆయన పొలానికి తగలదు. కేంద్ర ప్రభుత్వం పార్లమెంటులో చెప్పిన ఆ అంచనా వర్షాధార వరి గురించి. ఏ జాగ్రత్తా తీసుకోకపోతే వర్షాధార వరి 2050 నాటికి 20 శాతం, 2080 నాటికి 47 శాతం తగ్గొచ్చని అందులో ఉంది. అదే జవాబులో నీటి వసతి ఉన్న వరికి తగ్గుదల 2050కి 3.5 శాతం, 2080కి 5 శాతం. మీ ఇంట్లో రెండు బోర్లున్నాయి! రెండో అంకె మీది. ఫార్వర్డ్ చేసినవాళ్లు మొదటి అంకె దగ్గరే ఆగిపోయి ఉంటారు, వాట్సాప్‌లో సగం వాక్యాలకే గిరాకీ.

కానీ ఆ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి ఇంకోసారి చూడండి. 20కీ 3.5కీ మధ్య ఉన్న తేడా అంతా నీళ్లే. మడిలో నీళ్లుంటే ఆకులు ఆవిరి వదులుతూ పైరుని చుట్టూ ఉన్న గాలికంటే చల్లగా ఉంచుకుంటాయి. బయట మనకు మాడు పగిలిపోతున్నా తడి మడిలో వరికి అంత తెలియదు. మీ నాన్నగారి మీద ఎండ పనిచేయకపోవడానికి కారణం ఆ బోర్లు. అవి ఆగిన రోజు ఆయన రెండో అంకె నుంచి మొదటి అంకెలోకి జారతారు. ఇంట్లో మాట్లాడుకోవాల్సింది దీని గురించి. మీరేమో భూగోళం గురించి మాట్లాడారు.

"ఎండాకాలం పంటకే ఎక్కువొస్తయ్" అన్న మాటకి కూడా జవాబుంది, చాలా మంచి ప్రశ్న అది. వానాకాలం మబ్బులు, దోమ, తెగుళ్లు. యాసంగిలో, అంటే ఆ ఎండాకాలం పంటలో, ఆకాశం నిర్మలంగా ఉంటుంది, వెలుతురు దండిగా దొరుకుతుంది, నీళ్లు మన చేతిలో ఉంటాయి. గింజ నింపేది ఆ వెలుతురు. వేడి చేసే పని వేరే, అది రెండు చోట్ల దెబ్బ కొడుతుంది. ఒకటి పూత మీద. వరి పువ్వు పొద్దున తొమ్మిది, పది నుంచి మధ్యాహ్నం లోపు గంటో రెండు గంటలో విచ్చుకుని మూసుకుపోతుంది. ఆ కాస్త సమయంలో పైరు దగ్గర వేడి 35 డిగ్రీలు దాటితే పుప్పొడి సరిగ్గా రాలదు, ఆ గింజ తాలైపోతుంది. బయటికి కంకి నిండుగానే కనబడుతుంది, నిటారుగా నిలబడి ఉందంటేనే అనుమానించాలి, వేళ్లతో నొక్కితే లోపల ఏమీ ఉండదు. రెండోది రాత్రిళ్ల మీద. పగలు చేసుకున్న పిండిపదార్థాన్ని మొక్క రాత్రి కొంత ఖర్చు పెట్టుకుంటుంది, రాత్రి వెచ్చగా ఉంటే ఆ ఖర్చు ఎక్కువ. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ వాళ్లు తమ పొలాల్లో 1992 నుంచి 2003 దాకా రాసిపెట్టుకున్న దిగుబడి లెక్కలు చూస్తే, ఎండాకాలం పంటలో రాత్రి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే దిగుబడి దాదాపు 10 శాతం తగ్గింది. మనకు పగటి ఎండే గుర్తుంటుంది, రాత్రి ఫ్యానేసుకుని పడుకుంటాం, పైరుకేమైందో ఎవరు చూస్తారు.

గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే పంటకు మంచిదేగా అని తమ్ముడు ఎక్కడో విన్నాడని రాశారు. కొంత నిజమే, వరి, పత్తి లాంటి వాటికి ఉపయోగమే. మొక్కజొన్న, జొన్నలకి పెద్దగా ఒరిగేదేమీ లేదు. కలుపుకీ అదే మేత దొరుకుతుంది. పైగా బియ్యంలో జింకు, ప్రొటీను తగ్గుతాయి. ఈ ఒక్క మాట మీద ఆరు లక్షలు పెట్టకండి.

దిగుబడి అంకెలో అసలు కనబడని నష్టం ఒకటుంది, ఇది మాత్రం నాన్నగారు కొట్టిపారేయలేరు. ఏప్రిల్ వేడిలో, పొడిగాలిలో పండి ఎండిన యాసంగి వడ్లకి లోపల సన్నటి పగుళ్లొస్తాయి. పచ్చి బియ్యంగా ఆడిస్తే నూక ఎక్కువ. క్వింటాలు వడ్లకి 67 కిలోల బియ్యం మిల్లరు ప్రభుత్వానికి అప్పజెప్పాలి, నూకకి పరిమితి ఉంది. అందుకే మన దగ్గర యాసంగి వడ్లు ఎక్కువగా ఉప్పుడు బియ్యంగా మారుతుంటాయి. ఉప్పుడు బియ్యం ఇక తీసుకునేది లేదని కేంద్రం అన్నప్పుడు 2022 ఏప్రిల్‌లో మన రాష్ట్ర నాయకులు ఢిల్లీ దాకా వెళ్లి ధర్నాలు చేసింది ఇందుకే. కాంటా మీద 26 క్వింటాళ్లు 26గానే తూగుతాయి. కొనుగోలు కేంద్రంలో తాలు, తేమ అంటూ బస్తాకింత తరుగు తీసినప్పుడు మీ నాన్నగారు మిల్లరుని తిట్టుకుని ఇంటికొస్తారు. మిల్లరు అమాయకుడని నేను అనట్లేదు, కానీ ఆ తాలులో కొంత వాటా ఎండది కూడా.

ఇంకోటి. మీ ఉత్తరంలో మధ్యలో ఎక్కడో, పెద్దగా పట్టించుకోకుండా రాసేశారు: 2023లో రాళ్లవానకి సగం పంట పోయిందని, 2024 యాసంగిలో చివరి మడి ఎండిపోయిందని. నాన్నగారు వాటిని లెక్కలోకి తీసుకోరు, "అది దేవుని పని" అంటారు. ఆ రాళ్లవాన వాతావరణ మార్పు వల్లే పడిందని గ్యారంటీగా చెప్పేవాళ్లుంటే నమ్మకండి. ఏ కారణంతో పడినా పోయింది మీ పంటే కదా. ఆయన చెప్పే 26 అనేది బాగా పండిన ఏళ్ల అంకె. అప్పు తీర్చాల్సింది మాత్రం అన్ని ఏళ్లలోనూ.

మీరు రాసిన ఖర్చులతోనే వేద్దాం. సీజనుకు ఎకరానికి పెట్టుబడి 30 వేలు, కౌలు 10 వేలు. 26 క్వింటాళ్లు, 2025-26 మద్దతు ధర 2,369 చొప్పున 61 వేల పైచిలుకు. ఎకరానికి 21 వేలు మిగులు, ఎనిమిదెకరాలకి లక్షా 70 వేలు. బాగుంది. ఇప్పుడు పంట సగమే వచ్చిందనుకోండి: 13 క్వింటాళ్లకి 31 వేల లోపు, ఖర్చు అదే 40 వేలు. దిగుబడి సగమైతే లాభం సగమవ్వలేదు, ఎకరానికి 9 వేలు చేతినుంచి పడ్డాయి. మొత్తం పోతే 3 లక్షల 20 వేలు, అంటే దాదాపు రెండు మంచి సీజన్ల సంపాదన. మీ కిస్తీ ఏడాదికి లక్షా 64 వేలు, అది వాన చూడదు, ఎండ చూడదు. ఇంకా చూడండి, సొంత ఐదెకరాలూ కౌలు ఎనిమిదెకరాలూ ఒకే ఊళ్లో, ఒకే పంట, కింద ఒకే భూగర్భ జలం. పోతే పదమూడూ ఒకేసారి పోతాయి.

ఇప్పుడు మీ ముందున్న దారులు. ఇది చెయ్యండి అని నేను ఒక్కదాన్ని చూపించను, ఎందుకంటే మీ తమ్ముడు ఎలాంటివాడో, మీ జీతంలో నెలాఖరుకి ఎంత మిగులుతుందో మీకే తెలుసు.

అడిగినట్టు ఆరు లక్షలూ తీసిచ్చారనుకోండి. ఇల్లు మళ్లీ కలుస్తుంది, తమ్ముడికి పని దొరుకుతుంది, రెండు మూడు మంచి సీజన్లు వరసగా వస్తే మీ భయమే ఎక్కువని అందరూ నవ్వుతారు. అదీ జరగొచ్చు. కానీ ఆ డబ్బులో పెద్ద ముక్క కొత్త బోరుకి పోతుంది, అదీ వేరేవాళ్ల భూమిలో. కౌలు మానేసిన రోజు ఆ బోరు భూమి యజమానికే మిగులుతుంది. పట్టాదారుకి వచ్చే పెట్టుబడి సాయం కౌలుదారుకి రాదు. పంట పోతే పరిహారం ఎవరి ఖాతాలో పడుతుందో కూడా ముందే కాయితం మీద రాయించుకోవాలి. 2023లో ఎకరానికి 10 వేలు ప్రకటించినప్పుడు ఊళ్లలో ఈ పంచాయితీలు చాలానే నడిచాయి. పంటల బీమా ఉందిగా అనుకోకండి, తెలంగాణ 2020లోనే ఆ పథకం నుంచి బయటికొచ్చింది. మీ సీజనుకి ఏం అమల్లో ఉందో రైతు వేదికలో ఏఈఓని (వ్యవసాయ విస్తరణ అధికారిని) అడిగి, అవునంటేనే లెక్కలో వేసుకోండి.

అసలు వద్దనే కూర్చున్నారనుకోండి. మీ జీతం భద్రంగా ఉంటుంది. తమ్ముడు మాత్రం ఆగుతాడన్న నమ్మకం లేదు, మిత్తికి ఎవరి దగ్గరో తెస్తాడు. నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. లేదా మళ్లీ వీసా కోసం ఏజెంటు చుట్టూ తిరుగుతాడు. ఏ రకంగా చూసినా "అక్క ఇయ్యలే" అన్న మాట ఇంట్లో ఉండిపోతుంది, దాన్ని మొయ్యగలరో లేదో ఆలోచించుకోండి.

మధ్యలో ఒక దారుంది, నాకైతే మనసు అటే లాగుతోంది. లోను కాకుండా, పోయినా మీరు తట్టుకోగల మొత్తం ఎంతో ముందు మీరొక్కరే కూర్చుని తేల్చుకోండి. లక్షో, లక్షన్నరో. అది ఇచ్చేయండి, తిరిగి అడగకండి. దాంతో ఈ ఏడాదికి మూడు నాలుగు ఎకరాలే కౌలు, కొత్త బోరు లేదు. ఉన్న నీళ్లు సరిపోతాయా అంటే, వరికి ఎప్పుడూ మడి నిండా నీళ్లు నిలబెట్టక్కర్లేదు. చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ పైపు ముక్క మడిలో పాతి, లోపల నీటిమట్టం నేలకి ఆరంగుళాల లోతుకి దిగినప్పుడే మళ్లీ పెడితే చాలు. పూత సమయంలో మాత్రం ఆరనివ్వకూడదు. కరెంటు ఫ్రీ కాబట్టి ఇందులో డబ్బు మిగలదు, అందుకే ఎవరూ చెయ్యరు, కానీ బోరు మిగులుతుంది. యాసంగి నారు నవంబరు రెండో సగంలోనే పోస్తే పూత మార్చి చివరి ఎండల్లో పడదు. 2023 రాళ్లవానల తర్వాత ప్రభుత్వం కూడా యాసంగిని ముందుకు జరుపుకోమనే చెప్పింది. అయితే ముందు వేస్తే నారు మీద డిసెంబరు చలి పడుతుంది, వానాకాలం కోత కూడా తొందరగా అవ్వాలి. పొలాస వాళ్లని ఏ రకం చలికి ఓర్చుకుంటుందో అడగమనండి, ఫోన్ చేస్తే చెబుతారు. కౌలులో కొంత మొక్కజొన్నో నువ్వులో పెడితే నీళ్లు తగ్గుతాయి, అన్నీ ఒకేసారి పోవు. కానీ మొక్కజొన్నకి కోతులూ అడవి పందులూ కాపలా, పైగా వడ్లకున్నంత ధీమాగా కొనేవాళ్లు ఉండరు. తమ్ముడు వరే అనడానికి ఆ కారణం ఉంది, సోమరితనం అనుకోకండి.

మామిడి తోట కొట్టేయాలా అని కూడా అడిగారు, దాన్ని ఇందులో కలపకండి. మామిడి పూత రావాలంటే నవంబరు, డిసెంబరు రాత్రిళ్లు చల్లబడాలి, మీ నాన్నగారు "ఈసారి పూతే సరిగ్గ రాలే" అంటున్నారంటే ఆయనకి వాతావరణం సంగతి తెలియక కాదు. కూతురు నోటి నుంచి వింటేనే ఒప్పుకోబుద్ధి కావడం లేదు. తోట గురించి ఈ ఏడాది నిర్ణయమే వద్దు.

ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి ఒక ఆదివారం బస్సెక్కండి. భూతాపం, 2050 అన్న మాటలు హైదరాబాద్‌లోనే వదిలేసి వెళ్లండి. కొనుగోలు కేంద్రం తక్‌పట్టీలు (తూకం చీటీలు) ఎక్కడున్నాయని అడగండి, ఏ ఏడాది ఎన్ని క్వింటాళ్లు, ఎంత తరుగు, ఎప్పుడు కోశారు. తర్వాత రెండు బోర్లు ఎన్ని ఫీట్లకి వేశారు, మోటారు ఎన్నిసార్లు కిందికి దించారు, మార్చి నెలలో ఎంతసేపు నిండుగా పోస్తున్నాయి అని. వాదన పెట్టుకోకుండా అడగండి, తమ్ముణ్ని రాసుకోమనండి. ఆ కాయితం చూశాక మీ నాన్నగారే కొత్త బోరు వద్దనొచ్చు, లేదా నీళ్లు నిజంగానే దండిగా ఉన్నాయని తేలి మీరే కొంచెం మెత్తబడొచ్చు. కౌలు అడ్వాన్సు ఇచ్చేలోపే ఇది జరగాలి, ఇచ్చాక కాయితాలు ఎవరూ చూడరు.

చివరగా ఒకటి, మీరు అడగలేదు గానీ అవసరం పడొచ్చు. మీరు లోను తీసుకోనంటే "సరే, నేనే తీసుకుంటా, జామీను సంతకం పెట్టు చాలు" అని తమ్ముడు అడుగుతాడు. జామీను అంటే తమ్ముడు కట్టనప్పుడు మొత్తం మీరు కట్టాల్సిందే, బ్యాంకుకి ఇద్దరూ ఒకటే. పెట్టదలుచుకుంటే ఎంత మొత్తానికో చూసుకుని, ఆ మొత్తం మీ సొంత లోనే అనుకుని పెట్టండి.